ఏడువందల యాభై మీటర్లు: మధురపూడిలో ఒక తడి ల్యాండింగ్ కేస్ స్టడీ

మధురపూడిలో ఉన్న రాజమండ్రి విమానాశ్రయం రన్‌వే ఇప్పుడు 3,165 మీటర్లు. నేను చెప్పబోయే రోజున అది 1,749 మీటర్లే. ఆగస్టు నెల, మధ్యాహ్నం మూడున్నర దాటింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానం మధురపూడిలో దిగి, రన్‌వే చివరి అంచుకి సుమారు 100 మీటర్ల ముందు ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ప్రయాణికులు సామాన్లు తీసుకుని, గొడుగులు విప్పుకుని వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన మెట్లు దిగుతూ నా చేయి పట్టుకుని "ఇంత వానలో కూడా భలే మెత్తగా దించారు బాబూ" అన్నారు. ఆ విమానం నడిపింది నేను.

ఇది ఏ ప్రమాదాల జాబితాలోనూ లేదు. కానీ రన్‌వే దాటి వెళ్ళిపోయిన విమానాల దర్యాప్తు నివేదికలు చదివినప్పుడల్లా వాటిలో నా మధ్యాహ్నం కనిపిస్తుంది. అంకెలు పెద్దవి, విమానాలు పెద్దవి, జరిగిన నష్టం మాటల్లో చెప్పలేనిది. వరస మాత్రం అదే. అందుకే నా కేసు మొదలు నుంచి చివరి దాకా, దాచకుండా రాస్తున్నాను.

ముందు ఆ రోజు సంగతి. గోదావరి వరద మీద ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగుల నీటిమట్టం, పొద్దున్నే ఎగరేశారు. మా ఊరు రాజోలు వైపు, పాయల మధ్య. నీరు ఇంకొంచెం పెరిగితే మా ఊరి దారిలో కాజ్‌వే మునుగుతుంది, పడవ తప్ప దారి ఉండదు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఆ రాత్రి నాకు రాజమండ్రిలోనే హాల్ట్. నాలుగింటికి దిగితే చీకటి పడేలోగా కాజ్‌వే దాటి, అమ్మని చూసి, పొద్దున్నే తిరిగి రావచ్చని హైదరాబాద్‌లో ఎక్కేటప్పుడే లెక్క వేసుకున్నాను. ఈ లెక్క ఏ ఫ్లైట్ ప్లాన్‌లోనూ ఉండదు. అయినా ఆ రోజు విమానంలో అన్నిటికంటే బరువైన సామాను అదే.

నైరుతి రుతుపవనం బలంగా ఉన్న రోజుల్లో మా వైపు గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది. మధురపూడి రన్‌వే ఈశాన్యం, నైరుతి దిక్కులకి పరుచుకుని ఉంది. నైరుతి కొన పేరు 05, ఈశాన్య కొన పేరు 23. గాలికి ఎదురుగా దిగాలంటే 23 మీద దిగాలి. కానీ హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి 05 తిన్నగా ముక్కు ముందు ఉంటుంది. గోదావరి దాటి నేరుగా వచ్చేయొచ్చు. 23కి వెళ్ళాలంటే విమానాశ్రయం పక్కనుంచి అవతలికి వెళ్ళి చుట్టు తిరిగి రావాలి. వానలో, తక్కువ మబ్బులో, ఇంకో పది నిమిషాల పని.

టవర్ గాలి చెప్పింది: 240 డిగ్రీల నుంచి, అంటే నైరుతి నుంచి, 8 నాట్లు (గంటకి సుమారు 15 కిలోమీటర్లు), రన్‌వే తడిగా ఉంది, వాన పడుతోంది. 05 మీద దిగితే ఆ 8 నాట్లూ వెనక గాలే. మా హద్దు 10 నాట్లు. "05 మీద వస్తాం" అన్నాను. హద్దులోనే ఉంది కదా.

ఇక్కడ పంటు (రేవు దాటించే పెద్ద పడవ) నడిపే మా గోదారి సరంగుల గురించి ఒక మాట చెప్పాలి. నా చిన్నప్పుడు సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద దాటేవాళ్ళం. వడి ఎక్కువగా ఉన్న రోజు సరంగు పంటుని తిన్నగా రేవు మీదికి తీసుకుపోయేవాడు కాదు. రేవు దాటించి, ముక్కుని ఏటికి ఎదురు తిప్పి, ఇంజన్ వడీ నీటి వడీ ఒకదాన్నొకటి తినేసేలా చేసి, అప్పుడు నెమ్మదిగా రేవుకి ఆనించేవాడు. రేవు తప్పితే మళ్ళీ తిప్పి వచ్చేవాడు. పంటు మీద ఎవరూ గొణిగేవాళ్ళు కాదు. విమానం ఎదురుగాలిలో దిగడం వెనక ఉన్న భౌతికశాస్త్రం మొత్తం ఆ పంటు మీదే చూశాను. ఆ రోజు మాత్రం వడి వెంట రేవులోకి దూసుకెళ్ళే పని చేశాను.

మబ్బు కిందికి వచ్చేసరికి 1,200 అడుగులు. వాన తెర వెనక రన్‌వే మసకగా కనిపించింది. ఆ రోజు బరువుకి థ్రెషోల్డ్ (రన్‌వే మొదలయ్యే అంచు) దాటేటప్పుడు ఉండాల్సిన వేగం 106 నాట్లు. గాలి ఊగుతోందని నేను 116 పట్టుకుని వస్తున్నాను. అదనంగా 10 నాట్ల వరకు మా నియమం ఒప్పుకుంటుంది. 500 అడుగుల దగ్గర ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, "స్టేబుల్" (దిగడానికి అంతా స్థిరంగా ఉంది) అని పలికింది. పుస్తకం ప్రకారం ఆమె మాట కరెక్టే. థ్రెషోల్డ్‌కి కొంచెం ముందు ఒక జల్లు అద్దం మీద పడింది. రన్‌వే ఒక్క క్షణం కరిగిపోయినట్టయింది. నేను కొంచెం పవర్ వేసి ముక్కు పట్టుకున్నాను. 50 అడుగుల ఎత్తులో దాటాల్సిన థ్రెషోల్డ్‌ని 80 అడుగుల్లో దాటాం.

తర్వాత చేసిన తప్పు అన్నిటికంటే మామూలుది, అందుకే అన్నిటికంటే ప్రమాదకరమైనది. మెత్తగా దించాలనుకున్నాను. చక్రాలు ముట్టీ ముట్టకుండా నేలని తాకాలని విమానాన్ని రన్‌వే మీద గాల్లోనే పట్టుకున్నాను. ఎక్కువున్న 10 నాట్లు కరిగేదాకా అది తేలుతూ పోయింది. ఆ తేలే టైంలోనే ఆమె అంది: "సర్, బాగా లోపలికి వచ్చేశాం."

విన్నాను. "ఆఁ, దిగిపోతోంది" అన్నాను. దిగింది.

చక్రాలు తగిలిన వెంటనే బ్రేకు తొక్కాను, ప్రొపెల్లర్లు రివర్స్‌లోకి లాగాను. మొదటి రెండు మూడు క్షణాలు బ్రేకు ఉన్నట్టే అనిపించలేదు. కాలి కింద పెడల్ ఉంది, విమానం మాత్రం నీటి మీద జారుతోంది. తర్వాత టైర్లు పట్టాయి. ఎదురుగా రన్‌వే చివరి ఎర్ర లైట్లు వానలో పెద్దవవుతూ వచ్చాయి. ఆగాక లెక్కపెడితే ఇంకో మూడు నాలుగు విమానాల పొడవు మిగిలి ఉంది.

సాయంత్రం వాన తెరిపిచ్చాక అనుమతి తీసుకుని, గ్రౌండ్ సిబ్బందిలో ఒకాయనతో జీపులో రన్‌వే చివరికి వెళ్ళాను. మేం ఆగిన చోటు నుంచి అంచు దాకా నడిచాను. నూట ముప్పై అడుగులేశాను. అంచు అవతల తడి గడ్డి, ఆ తర్వాత మెత్తటి మట్టి. నా వెంట వచ్చినాయన ఏమీ అడగలేదు. చివర్న మాత్రం "జాగ్రత్త సార్, అక్కడ కాలు దిగుద్ది" అన్నాడు.

కాజ్‌వే అప్పటికే మునిగిపోయింది. ఆ రాత్రి రాజమండ్రిలోనే ఉన్నాను. అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. పక్కింటివాళ్ళు అన్నం పెట్టారని చెప్పింది.

నాలుగు రోజులకి సేఫ్టీ విభాగం నుంచి పిలుపు. విమానంలో రికార్డయిన డేటాని ప్రతి ఫ్లైట్‌కీ చూస్తారు. మా ల్యాండింగ్ "లాంగ్" అని ఎర్రగా వచ్చింది. తెర మీద గ్రాఫ్ పెట్టి కూర్చోబెట్టారు. తిట్టలేదు. "మీరే చెప్పండి, మీటర్లు ఎక్కడ పోయాయి?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు రాయడం ఇప్పటికీ నా పాఠాల్లో మొదటి పని.

మామూలుగా అయితే మేం సుమారు 330 మీటర్ల దగ్గర నేల తాకాలి. థ్రెషోల్డ్ దగ్గర 30 అడుగులు ఎక్కువ. మూడు డిగ్రీల వాలులో ఆ 30 అడుగులు దిగడానికి 175 మీటర్లు పోతాయి. తేలుతూ పోయింది నాలుగు సెకన్లు. ఆ వేగంలో సెకనుకి 60 మీటర్లు, అంటే ఇంకో 240. మొత్తం కలిపితే 745. టచ్‌డౌన్ అయింది దాదాపు 750 మీటర్ల దగ్గర. రన్‌వేలో 43 శాతం మా వెనక ఉండిపోయింది, ఒక్క బ్రేకు కూడా వాడకుండానే.

ఇది గాల్లో పోయింది. నేల మీద పోయింది వేరే. టచ్‌డౌన్ అప్పుడు గాలిలో మా వేగం 108 నాట్లు, వెనక గాలి 8 కలిపితే నేల మీద 116. అదే నేను 23 మీద పద్ధతిగా దిగి ఉంటే 103 నుంచి 8 తీసేయాలి, 95. ఆపాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 116ని 95తో భాగించి వర్గం చేస్తే దాదాపు 1.5. అంటే "హద్దులోనే ఉన్న" గాలి, "హద్దులోనే ఉన్న" వేగం రెండూ కలిసి బ్రేకుల మీద ఒకటిన్నర రెట్ల పని పెట్టాయి. పైగా ఆ పని తడి రన్‌వే మీద, మిగిలిన 57 శాతం పొడవులో.

నియమాలు ఇచ్చే మార్జిన్ చిన్నదేమీ కాదు. ప్రొపెల్లర్ విమానం బయలుదేరే ముందే, ఆగడానికి పట్టే దూరం అవతలి రన్‌వేలో 70 శాతం లోపు ఉందని చూపించాలి. 1,749లో 70 శాతం 1,224. తడి అయితే ఇంకో 15 శాతం పక్కన పెట్టాలి, అప్పుడు 1,064 మీటర్లలో ఆగగలగాలి. జెట్లకి ఇంకా గట్టిగా, 60 శాతమే. అంటే కాగితం మీద నా చేతిలో 685 మీటర్లు అదనంగా ఉన్నాయి. కానీ ఆ లెక్కలో విమానం 50 అడుగుల్లో థ్రెషోల్డ్ దాటుతుంది, సరైన వేగంతో వస్తుంది, తేలదు. ఆ ఊహలు ఒక్కొక్కటీ తప్పుతూ పోతే మార్జిన్ కరుగుతూ పోతుంది. నా దగ్గర 685లో చివరికి మిగిలింది 100.

నా కేసులో అసలు విషయం ఇదే. వెనక గాలి హద్దు 10, మాకు 8. వేగం హద్దు పైన 10, మాకు 10. రన్‌వే తడిదే, నీరు నిలిచిందని ఎవరూ చెప్పలేదు. ప్రతి అంకె పక్కనా టిక్కు పెట్టొచ్చు. అన్నీ కలిపి కూడే గడి మాత్రం చెక్‌లిస్టులో లేదు. నేనూ కూడలేదు. పదేళ్ళ అనుభవం ఉన్న పైలట్లు కూడా రన్‌వే దాటిపోవడానికి ముఖ్య కారణం ఒక పెద్ద తప్పు అని నేను అనుకోను. ఒప్పుకోదగ్గ తప్పులు నాలుగు ఒకే నిమిషంలో చేతులు కలపడమే కారణం. వాన చేసేది ఏమిటంటే, ఆ నాలుగింటినీ ఒకేసారి పిలుచుకొస్తుంది.

టైరు నీటి మీద తేలడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మొదటి రెండు మూడు క్షణాల్లో నా కాలి కింద జరిగింది అదే అని నమ్ముతున్నాను. నీరు తగినంత లోతు ఉంటే, ఒక వేగం దాటాక టైరు నీటిని పక్కకి నెట్టలేదు. నీటి పొర మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఆ వేగాన్ని నాట్లలో అంచనా వేయడానికి పాతకాలం నుంచి ఒక సూత్రం ఉంది: టైరులో గాలి ఒత్తిడి ఎన్ని పిఎస్ఐ ఉందో దాని వర్గమూలాన్ని 9తో గుణించాలి. మా ఏటీఆర్ టైర్లలో 115 ప్రాంతం, అంటే 96 నాట్లు. మేం తాకింది 116 దగ్గర. పెద్ద జెట్ల టైర్లలో 200 ప్రాంతం ఉంటుంది, 127 నాట్లు వస్తుంది. జెట్లు దిగేది కూడా అంతకంటే పైనే. అందుకే తడి రన్‌వే మీద గట్టిగా దించమని చెప్తాం. చక్రం నీటి పొరని చీల్చుకుని నేలని తాకాలి, తాకి తిరగాలి, తిరిగితేనే బ్రేకు పట్టుతుంది. వానలో మెత్తటి ల్యాండింగ్ ప్రయాణికుడికి బాగుంటుంది, రన్‌వేకి బాగుండదు. ఆ పెద్దాయన మెచ్చుకున్నది నేను చేసిన తప్పునే. పాపం, ఆయనకెలా తెలుస్తుంది.

మిగతా పరికరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. రెక్కల మీద లేచే స్పాయిలర్లు బరువుని చక్రాల మీదికి నెడతాయి. 1999 జూన్ 1న అమెరికాలో లిటిల్ రాక్‌లో ఉరుముల వానలో దిగిన ఎమ్‌డీ-82కి అవి లేవలేదు, 11 మంది చనిపోయారు. 2005 డిసెంబరులో షికాగో మిడ్‌వేలో మంచులో దిగిన 737లో రివర్స్ థ్రస్ట్ (ఇంజన్ తోపుని ముందుకి మళ్ళించి వేగం తగ్గించేది) రావడానికి 18 సెకన్లు పట్టింది. విమానం కంచె దాటి రోడ్డు మీదికి వెళ్ళింది, కారులో ఉన్న ఆరేళ్ళ పిల్లాడు పోయాడు. ఇవన్నీ ముఖ్యమే. కానీ నేల తాకాక చేసేవి ఎప్పుడూ మిగిలిన దూరంతోనే చేయాలి.

ఇప్పుడు కోళికోడ్. 2020 ఆగస్టు 7, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 1344, బోయింగ్ 737. మొత్తం 190 మంది. కోవిడ్ రోజుల్లో ఇంటికి తిరిగొస్తున్నవాళ్ళు. కొండ మీద చదును చేసిన రన్‌వే, రెండు వైపులా లోయ. మొదట ఎదురుగాలి వైపు రన్‌వే 28 మీద ప్రయత్నించారు, వానలో కెప్టెన్ వైపు వైపరు ఆగిపోయింది, గో అరౌండ్ చేశారు, అంటే దిగకుండా మళ్ళీ పైకి వెళ్ళిపోయారు. రెండోసారి అవతలి కొన, రన్‌వే 10 మీద వచ్చారు. దర్యాప్తు నివేదికలో ఉన్న అంకెలు ఇవి. టచ్‌డౌన్ అప్పుడు వెనక గాలి 14 నాట్లు. నేల మీద వేగం 165 నాట్లు. 8,858 అడుగుల రన్‌వేలో తాకింది 4,438 అడుగుల దగ్గర, సరిగ్గా సగం. 84.5 నాట్ల వేగంతో రన్‌వే దాటింది, 110 అడుగుల కింద పడింది. 21 మంది చనిపోయారు, ఇద్దరు పైలట్లూ అందులో ఉన్నారు.

ఆ నివేదిక మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. వెనక గాలి, అదనపు వేగం, తేలడం, తడి రన్‌వే. నా 43 శాతం అక్కడ 50 శాతం. నా 8 నాట్లు అక్కడ 14. ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయాను: మర్నాడు పొద్దున కోళికోడ్ నుంచి ఒక ఫ్లైట్ నడపాల్సింది ఆ కెప్టెనే, వేరే ఊరికి మళ్ళిపోతే అది కుదరదు, ఆ ఒత్తిడి ఆయన తనకి తానే పెట్టుకుని ఉండొచ్చని నివేదిక రాసింది. నా కాజ్‌వే గుర్తొచ్చింది. చనిపోయిన పైలట్లని నేను తప్పు పట్టను. ఆ సీట్లో నేను కూర్చున్నాను, నాకు 100 మీటర్లు మిగిలాయి, అంతే తేడా.

కోళికోడ్‌లోనూ ఫస్ట్ ఆఫీసర్ నేల తాకబోయే ముందు గో అరౌండ్ అన్నారు. మంగళూరులో 2010 మే 22న, వాన కూడా లేని ఉదయం, ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు అన్నారు. ఆ విమానం 8,033 అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగుల దగ్గర తాకింది. 166 మందిలో ఎనిమిది మందే బతికారు. అంటే చూసినవాళ్ళు ఉన్నారు, చెప్పినవాళ్ళు ఉన్నారు. చెప్పింది చేతులదాకా రాలేదు.

ఇక్కడ నేను మన భాష గురించి, మన పెంపకం గురించి ఆలోచిస్తాను. మా ఫస్ట్ ఆఫీసర్ది భీమవరం వైపు. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. కాక్‌పిట్‌లో పలకాల్సిన మాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి, కానీ టెన్షన్ వచ్చినప్పుడు మనసు పుట్టిన భాషలోకి వెళ్తుంది. ఆమె "బాగా లోపలికి వచ్చేశాం" అంది. అది సమాచారం, ఆజ్ఞ కాదు. మన వైపు పెద్దవాళ్ళకి "వద్దు" అని ఎదురుగా చెప్పం. "ఒకసారి చూస్తారా", "అలా అయితే బాగుంటుందేమో" అంటాం. పెళ్ళిలో అన్నం వడ్డించేటప్పుడు కూడా కడుపు నిండిందని చేత్తో చూపిస్తాం, నోటితో అనం. ఆ మర్యాద ఇంట్లో అందమైనదే. సెకనుకి 60 మీటర్లు పోతున్నప్పుడు అది ఖరీదైనది.

చాలా కాలం తర్వాత ఆమెని అడిగాను, ఆ రోజు గో అరౌండ్ అనాలనిపించలేదా అని. "మనసులో అనేశాను సర్. మీరు ఇన్నేళ్ళ నుంచి ఇక్కడ దిగుతున్నారు, మీ ఊరు ఇది, నాకంటే మీకు తెలుసు కదా అనుకున్నాను" అంది. నా అనుభవమే ఆమె నోరు మూయించింది. ఆమె ఇప్పుడు కెప్టెన్. పక్కన కూర్చునే కుర్రాళ్ళకి మొదటి రోజే ఒక మాట చెప్తుందట: నువ్వు గో అరౌండ్ అంటే నేను ఎందుకు అని అడగను, వెళ్ళిపోతాను, ఎందుకో పైన మాట్లాడుకుందాం అని.

గో అరౌండ్ అంటే ఓటమి అనే భావన పోవడం కష్టం. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ చేసిన అధ్యయనంలో, స్థిరంగా లేని అప్రోచ్‌లలో (దిగడానికి రన్‌వే వైపు రావడాల్లో) 3 శాతం మాత్రమే గో అరౌండ్‌తో ముగిశాయని తేలింది. మిగతా 97 శాతం దిగిపోయాయి, వాటిలో చాలావాటికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మనకి అబద్ధం నేర్పుతుంది. నేను కూడా ఆ రోజుకి ముందు మధురపూడిలో ఎన్నోసార్లు కొంచెం పొడుగ్గా దిగాను, పొడి రన్‌వే మీద, ఎదురుగాలిలో. ఆ అలవాటు వాన రోజు తన జీతం అడిగింది.

రన్‌వే పొడిగించాక మా వైపు చాలామంది నాతో "ఇంక భయం లేదు కదండీ" అన్నారు. పొడవు చాలా సాయం చేస్తుంది, నిజమే. మధురపూడికి ఇప్పుడు పెద్ద జెట్లు వస్తున్నాయి, అది మా కోనసీమ వాళ్ళ జీవితాన్నే మార్చింది. అయితే 1999 సెప్టెంబరు 23న బ్యాంకాక్‌లో క్వాంటాస్ వాళ్ళ 747 దాటి వెళ్ళిపోయిన రన్‌వే కూడా మూడు కిలోమీటర్లకి పైనే. భోరున వాన, రన్‌వే మీద నీరు, గో అరౌండ్ మొదలుపెట్టి మధ్యలో మానేశారు, రివర్స్ థ్రస్ట్ సరిగా వాడలేదు. ఎవరూ చనిపోలేదు, అదొక్కటే అదృష్టం. 2005 ఆగస్టులో టొరంటోలో ఎయిర్ ఫ్రాన్స్ ఎ340 ఉరుముల వానలో 9,000 అడుగుల రన్‌వేలో 3,800 అడుగుల దగ్గర తాకి వాగులోకి వెళ్ళి కాలిపోయింది. అందులోని 309 మందీ బయటపడ్డారు. పెద్ద విమానానికి పెద్ద రన్‌వే కూడా చిన్నదే, సగం వెనక వదిలేస్తే.

వ్యవస్థలో మారినవి ఉన్నాయి, అవి నాకు నిజంగా ఊరటనిస్తాయి. 2021 నవంబరు 4 నుంచి ప్రపంచమంతా రన్‌వే పరిస్థితిని ఒకే పద్ధతిలో చెప్తోంది. రన్‌వేని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి 6 నుంచి 0 దాకా అంకె ఇస్తారు. పొడి అయితే 6. మామూలు తడి 5. మూడు మిల్లీమీటర్లు దాటి నీరు నిలిస్తే ఒక్కసారిగా 2. నా రోజున టవర్ చెప్పిన "తడి" అనే ఒక్క మాటలో 5 ఉందో 2 ఉందో ఎవరికీ తెలియదు, అప్పటి పద్ధతే అంత. ఇప్పుడైతే ఆ అంకె తీసుకుని, దిగే ముందు గాల్లోనే దూరం మళ్ళీ లెక్కకట్టి, దాని మీద 15 శాతం కలిపి చూసుకోవచ్చు. కొన్ని కొత్త విమానాలు ఈ లెక్క తామే వేసి, రన్‌వే చాలదని గొంతుతో చెప్తాయి. యంత్రానికి మర్యాద అడ్డు రాదు.

నేను ఇప్పుడు నడపడం మానేశాను, సిమ్యులేటర్‌లో నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళతో ఒక పని తప్పకుండా చేయిస్తాను. బ్రీఫింగ్‌లో గాలి, వేగం, తడి విడివిడిగా చదివి టిక్కు పెట్టనివ్వను. అన్నీ కలిపి ఒకే అంకె చెప్పమంటాను, మీటర్లలో. ఈ గాలితో, ఈ తడితో, ఈ బరువుతో, ఎన్నో మీటరు దాటితే నువ్వు నేల తాకకూడదు? ఆ చోటు రన్‌వే మీద ఎలా కనిపిస్తుంది, ఏ గుర్తు దగ్గర, ఏ ట్యాక్సీవే దగ్గర? పక్కవాళ్ళకి గట్టిగా చెప్పు. ఆ గుర్తు దాటే లోపు చక్రాలు తాకకపోతే పక్కవాళ్ళు అనాల్సింది "లోపలికి వచ్చేశాం" కాదు, "గో అరౌండ్". నా రోజుకి ఆ లెక్క వేసి చూశాను. 05 మీద నా హద్దు 500 మీటర్లు. నేను తాకింది 750 దగ్గర.

మొన్న జూలైలో ఒక కుర్రాడికి మధురపూడిని ఇచ్చాను, 3,165 మీటర్లు, నైరుతి గాలి, వాన, 05 మీద అప్రోచ్. కావాలనే థ్రెషోల్డ్ ముందు ఒక జల్లు పెట్టాను. తేలడం మొదలైంది. అతను చెప్పుకున్న గుర్తు ఇంకా రాలేదు, ఎదురుగా రెండు కిలోమీటర్ల పైన రన్‌వే ఉంది. పక్కన కూర్చున్న అమ్మాయి గుర్తు దగ్గర పడగానే "గో అరౌండ్" అంది. అతను నా వైపు చూడలేదు, పవర్ వేసేశాడు. పైకి వెళ్ళాక 23 అడిగాడు. అవతలికి వెళ్ళి, ఎదురుగాలిలో తిరిగి వచ్చి, 380 మీటర్ల దగ్గర గట్టిగా దించాడు. సీట్లు అదిరాయి.

మొత్తం పదకొండు నిమిషాలు ఎక్కువ పట్టింది. ఫారంలో రిమార్కుల గడిలో ఆ పదకొండు నిమిషాలూ రాసి, సంతకం పెట్టాను.